ఉష్ణోగ్రత, తేమ చూపే డిజిటల్ మీటరు: నాలుగేళ్ల వాడకం తరువాత

ఈ మీటరును కొన్నప్పుడు నాకు కావలసింది గది ఉష్ణోగ్రత ఒక్కటే; దాని కిందనే కనిపించే తేమ శాతాన్ని చాలా నెలలు పట్టించుకోలేదు. ఇప్పుడు నా కన్ను ముందుగా వెళ్లేది ఆ రెండో అంకె మీదికే.

26 డిగ్రీల దగ్గర తేమ 45 శాతం ఉన్న రోజు గంటల తరబడి హాయిగా కూర్చుని పని చేసుకోగలను. అదే 26 డిగ్రీల దగ్గర తేమ 75 శాతం దాటితే ఒళ్లంతా జిడ్డుగా, ఉక్కగా ఉంటుంది, ఎందుకంటే చెమట ఆవిరైతేనే శరీరం వేడిని వదులుకోగలదు, తడిగాలిలో ఆ ఆవిరి కావడమే నెమ్మదిస్తుంది. పలుచని బట్టలతో కూర్చుని పని చేసేవారికి 23 నుంచి 26 డిగ్రీలు, 40 నుంచి 60 శాతం తేమ సుఖంగా ఉంటాయని నా అనుభవం. ఫ్యాను గాలి నేరుగా తగిలితే మరో రెండు డిగ్రీలు ఎక్కువైనా ఇబ్బంది ఉండదు. తేమ 30 శాతం కన్నా తగ్గితే గొంతు, పెదవులు ఎండిపోతాయి.

ఈ మీటరు నేర్పిన అసలు పాఠం ఏసీ గురించినది. కంప్రెసర్ ఆగి లోపలి ఫ్యాను మాత్రం తిరుగుతున్నప్పుడు, కాయిల్ (గాలిని చల్లబరిచే గొట్టాల చుట్ట) మీద నిలిచిన నీరు మళ్లీ గదిలోకి ఆవిరై, కొద్ది నిమిషాల్లోనే తేమ అంకె పైకి ఎక్కుతుంది. దానికి తోడు చల్లగాలిలో ఆవిరికి చోటు తక్కువ: 28 డిగ్రీల దగ్గర 60 శాతం తేమ ఉన్న గాలిని, అందులోని ఆవిరిని తీయకుండా 24 డిగ్రీలకు చల్లబరిస్తే, ఆ శాతం దాదాపు 76 అవుతుంది. చల్లగా ఉన్నా గది చెమ్మగా ఎందుకు అనిపించేదో నాకు అప్పుడే అర్థమైంది.

గది హాయిగా ఉందని చెప్పడానికి తెర మీద కనిపించే నవ్వు ముఖం గుర్తును నేను నమ్మను; మన ఒంటి మీది బట్టల సంగతి, గాలి వీచే సంగతి దానికి తెలియవు. మీటరును కిటికీ ఎండకు, ఏసీ గాలికి దూరంగా, కూర్చున్నవారి ఛాతీ ఎత్తులో పెట్టాలి.

ఉష్ణోగ్రత ఇప్పటికీ సరిగ్గానే చూపుతోంది గాని తేమ సెన్సర్ క్రమంగా తప్పింది. తడిపిన ఉప్పు ముద్దతో పాటు గాలి చొరని డబ్బాలో ఒక పగలంతా ఉంచితే సరైన మీటరు 75 శాతం దగ్గర నిలవాలి. మొదటి ఏడాది 74 చూపిన ఈ మీటరు ఇప్పుడు 80 చూపుతోంది. అందుకే ఆ స్థాయిలో ఐదు తగ్గించి చదువుకుంటున్నాను. మళ్లీ కొనవలసి వస్తే, ఈ తేడాను లోపలే సరిదిద్దుకునే వీలున్న మోడల్‌నే తీసుకుంటాను.