సిడ్నీ మెక్వారీ స్ట్రీట్‌లో ఎగువ సభ: ఒక రోజు సెలవు పెట్టి అయినా చూడాల్సిన గ్యాలరీ

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారంటే సిడ్నీలో మనవాళ్ళు తిప్పే చోట్లు అందరికీ తెలిసినవే, ఆపెరా హౌస్, హార్బర్ బ్రిడ్జ్, బ్లూ మౌంటెన్స్, హెలెన్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడి. ఆ లిస్టులో న్యూ సౌత్ వేల్స్ పార్లమెంటు పేరు ఎవరి నోటా వినను. ఉండాలని నేను గట్టిగా చెప్తాను, అందులోనూ ఎగువ సభ గ్యాలరీ, అదే లెజిస్లేటివ్ కౌన్సిల్, మన లెక్కలో శాసనమండలి. టికెట్ లేదు. మార్టిన్ ప్లేస్ స్టేషన్‌లో దిగితే నడిచి వెళ్ళిపోవచ్చు, గేటు దగ్గర సెక్యూరిటీ చెక్ అవుతుంది, అంతే. సభ ఏయే రోజుల్లో ఉంటుందో కేలండర్ ముందే పెడతారు, ఎక్కువగా మంగళ, బుధ, గురువారాలు, అది చూసుకునే బయల్దేరండి, లేకపోతే ఖాళీ హాలు చూసి రావాల్సి వస్తుంది.

ముందు హాలు సంగతి. పార్లమెంటు నడిచేది 1816లో పూర్తయిన ఒక పాత ఆసుపత్రిలో ఉత్తరం వైపు భాగంలో. అప్పటి గవర్నర్ మెక్వారీ దగ్గర ఆసుపత్రి కట్టే డబ్బు లేక, కాంట్రాక్టర్లకి రమ్ము దిగుమతి చేసుకునే హక్కు రాసిచ్చి వాళ్ళ చేత కట్టించాడు, అందుకే దానికి రమ్ హాస్పిటల్ అని పేరు. ఎగువ సభ గది మాత్రం తర్వాత వచ్చి చేరింది. గ్లాస్గోలో పోత ఇనుముతో తయారు చేసి, ముక్కలుగా ఓడలో మెల్‌బోర్న్‌కి పంపిన రెడీమేడ్ భవనం అది, 1856లో ఇక్కడ రెండు సభల పద్ధతి మొదలవుతుంటే కొని తెచ్చి నిలబెట్టారు. సీట్లు అన్నీ ఎరుపు, దిగువ సభలో అయితే ఆకుపచ్చ. హాలు చిన్నది కావడం గ్యాలరీలో కూర్చున్నవాళ్ళకి మంచిదైంది, మాట్లాడేవాళ్ళ ముఖం కనిపిస్తుంది, మంత్రి కాగితాల కోసం వెతుక్కోవడం కూడా కనిపిస్తుంది.

పొద్దున సభాధ్యక్షుడి ముందు నల్ల కర్ర పట్టుకుని ఒక అధికారి నడిచి వస్తారు, అషర్ ఆఫ్ ది బ్లాక్ రాడ్ అంటారు. ఈ నేలకి అసలు వారసులైన గాడిగల్ ప్రజలకి గౌరవం చెప్పి, ప్రార్థన చదివి, పనిలోకి దిగుతారు. మొదట్లో వచ్చే నోటీసులు, పిటిషన్లు, సభ ముందు పెట్టే కాగితాలు, ఈ భాగం నిదానంగా సాగుతుంది, కొత్తగా వెళ్ళినవాళ్ళకి ఎవరు దేని గురించి చదువుతున్నారో పట్టుకోవడం కష్టమే. ఆ రోజు ఎజెండా ఫోన్లో తెరిచి పెట్టుకుని, సైలెంట్‌లో ఉంచుకుని, వెళ్తే చాలా తేడా ఉంటుంది.

ప్రశ్నల సమయం దగ్గర అందరూ నిటారుగా కూర్చుంటారు. ముందస్తు నోటీసు లేని ప్రశ్నలు కాబట్టి మంత్రికి ఏది వస్తుందో తెలియదు, అడిగిన సభ్యుడు జవాబు విని అనుబంధ ప్రశ్న వేస్తాడు, మంత్రి దారి మళ్ళిస్తే పాయింట్ ఆఫ్ ఆర్డర్, అంటే ఇది సభ నియమాలకి విరుద్ధం అని ఎవరో ఒకరు లేస్తారు, అధ్యక్షుడు అక్కడికక్కడే రూలింగ్ ఇస్తారు. అరుపులు లేవని కాదు, ఉంటాయి, పక్క నుంచి మాటలు విసురుకుంటారు, కానీ అధ్యక్షుడు లేచి నిలబడితే సద్దుమణుగుతుంది. టీవీలో మన సభల్లో పోడియం చుట్టూ మూగడం చూసి చూసి విసిగిన నాకు, ఒక ప్రశ్నకి జవాబు చివరిదాకా వినిపించడమే ఎంతో హాయిగా అనిపించింది.

నాకు అన్నిటికంటే నచ్చింది మాత్రం ప్రశ్నల సమయం కాదు, బిల్లు మీద క్లాజుల వారీగా జరిగే చర్చ. చాలామంది ప్రశ్నల సమయం అయిపోగానే లేచి వెళ్ళిపోతారు, దయచేసి ఉండండి. సభ మొత్తం ఒక కమిటీగా మారుతుంది, ఒక్కో సవరణ విడిగా పెడతారు, మంత్రి ప్రతిదానికీ లేచి ఎందుకు ఒప్పుకుంటున్నారో, ఎందుకు ఒప్పుకోవడం లేదో చెప్పాలి. చిన్న పార్టీ నుంచి వచ్చిన ఒకే ఒక్క సభ్యురాలు పెట్టిన సవరణకి కూడా జవాబు చెప్పాల్సిందే, ఎందుకంటే ఆమె ఓటు కావాలి. ఓటింగ్ అడిగితే అయిదు నిమిషాలు భవనమంతా గంటలు మోగుతాయి, సభ్యులు పరుగున వస్తారు, తలుపులు మూసేస్తారు, అవునన్నవాళ్ళు అధ్యక్షుడికి కుడి వైపు, కాదన్నవాళ్ళు ఎడమ వైపు కూర్చుంటే లెక్కపెడతారు. ఆ అయిదు నిమిషాలు గ్యాలరీలో మనకీ టెన్షనే, ఫలితం ముందే తెలిసిపోయే సభ కాదు అది.

ఎందుకు కాదో చెప్పాలి. ఇక్కడ సభ్యులు 42 మంది, రాష్ట్రం మొత్తం ఒకే నియోజకవర్గం, దామాషా పద్ధతిలో, అంటే పార్టీకి వచ్చిన ఓట్ల వాటాని బట్టి సీట్లు వచ్చేలా ఎన్నిక. 1988 నుంచి ఏ ప్రభుత్వానికీ ఈ సభలో సొంత మెజారిటీ లేదు. 2023 ఎన్నికల తర్వాత లేబర్‌కి 15, లిబరల్-నేషనల్ కూటమికి 15, మిగతా 12 గ్రీన్స్ (పర్యావరణ పార్టీ), షూటర్స్ (వేటగాళ్ళ, తుపాకీదారుల పార్టీ) లాంటి చిన్న పార్టీలవి. అందుకని ప్రతి బిల్లుకీ ఎవరినో ఒకరిని ఒప్పించాలి. ఇంకా పెద్ద సంగతి, ప్రభుత్వం దగ్గరున్న ఫైళ్ళు తెచ్చి సభ ముందు పెట్టమని ఈ సభ ఆదేశించగలదు. 1996లో ట్రెజరర్, అంటే ఆర్థిక మంత్రి, మైకేల్ ఈగన్ ఇవ్వనన్నాడు, సభ ఆయన్ని సస్పెండ్ చేసింది, బ్లాక్ రాడ్ ఆయన్ని బయట మెక్వారీ స్ట్రీట్ ఫుట్‌పాత్ దాకా సాగనంపాడు. ఆయన కోర్టుకెళ్ళాడు, 1998లో ఆస్ట్రేలియా హైకోర్టు సభకి ఆ అధికారం ఉందని తేల్చింది. ఇప్పుడు ఆ ఆదేశాలు మామూలు పనిలో భాగం, ఏదైనా పత్రం రహస్యమని ప్రభుత్వం అంటే దాన్ని చూసి చెప్పడానికి బయటి న్యాయనిపుణుడు ఒకరుంటారు.

ఇది వింటుంటే మన మండలి గుర్తుకు రాకుండా ఉండదు. ఆంధ్రప్రదేశ్ మండలి 1958లో మొదలై, 1985లో రద్దయి, 2007లో తిరిగొచ్చింది. 2020 జనవరిలో మండలి రాజధాని బిల్లులు సెలెక్ట్ కమిటీకి పంపిన వారం తిరక్కుండా అసెంబ్లీ మండలి రద్దు తీర్మానం చేసింది, మళ్ళీ 2021 నవంబరులో ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. మన రాజ్యాంగం ప్రకారం మండలి మామూలు బిల్లుని మొదట మూడు నెలలు, అసెంబ్లీ రెండోసారి పాస్ చేసి పంపాక ఒక నెల ఆపగలదు, అంతకుమించి ఆపలేదు. ఇక్కడి సభ అయితే ప్రభుత్వ రోజువారీ ఖర్చుల బిల్లులు తప్ప మిగతావి తిప్పికొట్టగలదు. రద్దు చేసే ప్రయత్నం ఇక్కడా జరిగింది, కానీ 1961లో జనాన్నే ఓటు అడిగారు, జనం రద్దు వద్దన్నారు. తెలుగు రాష్ట్రాల్లో మండలి ఉండాలా వద్దా అని వాదించేవాళ్ళు, ఉంటే దానికి ఏ పని అప్పజెప్పాలో ఒక్కసారి ఈ గ్యాలరీలో కూర్చుని ఆలోచించాలని నా కోరిక.

లోపాలు కూడా చెప్తాను. సభ్యుడి పదవీకాలం దాదాపు ఎనిమిదేళ్ళు, నా దృష్టిలో అది మరీ ఎక్కువ. పేరు తెలిసిన నియోజకవర్గ సభ్యుడు లేడు కాబట్టి మన పేటలో సమస్య ఎవరికి చెప్పుకోవాలో తెలియదు. 1999లో ఏకంగా 264 మంది పోటీ చేస్తే బ్యాలెట్ పేపర్ టేబుల్‌క్లాత్ అంతైంది, మొదటి ప్రాధాన్య ఓట్లలో 0.2 శాతం వచ్చిన అభ్యర్థి ఒకాయన గెలిచాడు, ఆ తర్వాతే రూల్స్ మార్చారు. చిన్నపిల్లలతో వెళ్ళేవాళ్ళు ప్రశ్నల సమయం వరకే ఉండడం మంచిది, గ్యాలరీలో మాట్లాడకూడదు, చప్పట్లు కొట్టకూడదు, ఫొటోలు తీయకూడదు. హైస్కూల్ పిల్లలకైతే తప్పకుండా చూపించండి.

ఓపికుంటే సాయంత్రం సభ ముగిసే ముందు జరిగే వాయిదా ప్రసంగాల దాకా ఉండండి. ఒక్కొక్కరికి అయిదు నిమిషాలు, ఏ విషయమైనా సరే, తమ ఊరి ఆసుపత్రి గురించో, చనిపోయిన ఒక టీచర్ గురించో, ఎవరూ అడ్డుకోని మాటలు.

వెళ్ళలేనివాళ్ళకి లైవ్ ప్రసారం ఉంది, అన్నదంతా హాన్సార్డ్‌లో, అంటే సభ అధికారిక రికార్డులో, అచ్చవుతుంది, ఉచితంగా చదువుకోవచ్చు. నా రేటింగ్ అయిదుకి నాలుగున్నర. ఇవన్నీ చూసేశామనుకుంటే బడ్జెట్ ఎస్టిమేట్స్ విచారణలకి వెళ్ళండి, ఎగువ సభ కమిటీలు మంత్రుల్నీ శాఖల కార్యదర్శుల్నీ ఎదురుగా కూర్చోబెట్టి గంటల తరబడి అడుగుతాయి. మన వెస్ట్ వైపు రైళ్ళలో రోజూ తిరిగేవాళ్ళు రవాణా శాఖ వంతు ఏ రోజో చూసుకుని వెళ్ళండి, నేనూ వస్తాను.