సెకండ్ హ్యాండ్ కారు కొనేవారికి హెచ్చరిక: రెండు టిక్కులకే బిగిసే హ్యాండ్ బ్రేక్‌ను నమ్మకండి

హైదరాబాద్‌లో పాత కారు చూస్తున్నవారికి, అందులోనూ "వెనుక బ్రేకులు మొత్తం విప్పి కొత్తగా బిగించాం" అని డీలర్ భరోసా ఇచ్చిన కారు చూస్తున్నవారికి ఈ హెచ్చరిక. హ్యాండ్ బ్రేక్ లివర్ ఒకటి రెండు టిక్కులకే రాయిలా బిగిసిపోతే దాన్ని మంచి లక్షణంగా భావించకుండా, వెనుక చక్రాల్లోని బ్రేక్ డ్రమ్ములు విప్పించి చూసిన తర్వాతే డబ్బు కట్టండి. మేము కొన్న కారుకు లివర్ సరిగ్గా అలాగే బిగిసేది. కొన్ని నెలలు గడిచేసరికి మా అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు మీద, లివర్ పూర్తిగా ఎత్తి ఉండగానే, కారు వెనక్కి జారింది. గేరులో కూడా ఉంచడం వల్ల ఎక్కువ దూరం పోలేదు. డీలర్ పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే ఇలాంటి పని ఒక్క దుకాణానికే పరిమితమని నేను అనుకోవడం లేదు.

వెనుక డ్రమ్ బ్రేకులున్న కార్లలో లివర్ ఎత్తినప్పుడు కేబుల్ ఒక్కో చక్రంలోని చిన్న లివర్‌ను లాగుతుంది, అది రెండు షూలను (వంపు తిరిగిన బ్రేకు పలకలను) విడదీసి, చక్రంతోపాటు తిరిగే డ్రమ్ లోపలి గోడకు నొక్కుతుంది. షూల మీద ఉండే రాపిడి పొర, అంటే లైనింగ్, అరిగేకొద్దీ షూకూ డ్రమ్‌కూ మధ్య పెరిగే ఖాళీని సరిచేసేది కేబుల్ కాదు, షూల మధ్య ఉండే అడ్జస్టర్. అందుకే తెలిసిన మెకానిక్ ముందుగా కేబుల్‌ను వదులు చేసి, షూలను వాటి స్థానంలో కూర్చోబెట్టి, అడ్జస్టర్‌తో ఖాళీని సరిచేసి, పెడల్‌ను పలుమార్లు తొక్కి, అన్నిటికంటే చివర కేబుల్‌లో మిగిలిన వదులును మాత్రమే తీస్తాడు. ఈ వరుస తలకిందులైతే, అంటే లోపల ఏమీ సరిచేయకుండా కేబుల్ నట్టు మాత్రం తిప్పుకుంటూ పోతే, లివర్ గట్టిగానే తగులుతుంది, కొనేవాడికి సంతృప్తిగానే ఉంటుంది. కానీ షూలు పూర్తిగా వెనక్కి రాలేక డ్రమ్‌ను ఎల్లప్పుడూ రాసుకుంటూ ఉంటాయి, తనంతట తాను సర్దుకోవలసిన అడ్జస్టర్ కూడా పని చేయడం మానేస్తుంది.

మా కారులో కేబుల్ నట్టు మరలు అయిపోయేదాకా బిగించి ఉంది. ఎడమ అడ్జస్టర్ కుడివైపున, కుడిది ఎడమవైపున ఉన్నాయి. మా కారులో ఉన్నది పళ్ల చక్రంతో తిరిగే రకం, దానిలో రెండు వైపుల మరలు వ్యతిరేక దిశల్లో ఉంటాయి కాబట్టి, మార్చి బిగిస్తే ఖాళీని తగ్గించవలసిన భాగమే దాన్ని పెంచుతుంది. షూలు కొత్తవే, అందులో అబద్ధం లేదు. అయితే వాటిని వెనక్కి లాగే స్ప్రింగులు తుప్పు పట్టిన పాతవే, షూల ధర ముందు వాటి ధర ఎంత తక్కువో రాణిగంజ్‌లో విడిభాగాలు కొనేవారెవరికైనా తెలుసు. పెడల్ తొక్కినప్పుడు షూలను నెట్టే వీల్ సిలిండర్ ఎడమవైపుది లీకై, దాని నుంచి బ్రేక్ ఆయిల్ కారి కొత్త లైనింగ్‌ను తడిపేసింది. కుడివైపు లైనింగ్ నిరంతర రాపిడి వేడికి గాజులా నున్నగా మారింది, డ్రమ్ లోపలి అంచు నీలం రంగు తిరిగింది. ఒకవైపు నూనె, మరోవైపు నునుపు, ఇక పట్టు ఎక్కడినుంచి వస్తుంది?

కొనేముందు చేయించవలసిన పరీక్షకు పెద్దగా సమయం పట్టదు. చదునైన చోట ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టించి, వెనుక భాగాన్ని జాకీతో లేపి స్టాండ్ల మీద నిలబెట్టించండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి ఎవరూ కారు కిందికి పోకూడదు. లివర్ పూర్తిగా దించినప్పుడు రెండు చక్రాలూ చేతితో తేలికగా తిరగాలి, టిక్కు టిక్కుకూ రెండింటిలోనూ బిగువు సమానంగా పెరగాలి, పూర్తిగా ఎత్తినప్పుడు రెండూ కదలకూడదు. ఎన్ని టిక్కులకు పట్టాలన్నది మోడల్‌ను బట్టి మారుతుంది కాబట్టి ఓనర్స్ మాన్యువల్‌లోని సంఖ్యతోనే పోల్చండి, డీలర్ చెప్పిన సంఖ్యతో కాదు. జూబ్లీహిల్స్ ఎత్తుపల్లాల్లో కాసేపు నడిపి ఆపాక, చక్రాల దగ్గర చెయ్యి తాకించకుండా ఉంచి చూడండి. వెనుక చక్రాల్లో ఒకటి రెండోదానికంటే బాగా వేడెక్కినా, కాలిన వాసన వచ్చినా డ్రమ్ములు విప్పమనండి. "విప్పితే సీలు పోతుంది" అన్న సమాధానం మాకు వచ్చింది. మా కారు డ్రమ్‌కు అలాంటి సీలేమీ లేదు.

డీలర్ ఇచ్చిన బిల్లులో "వెనుక బ్రేకు పని" అన్న రెండు మూడు మాటలు తప్ప ఏ భాగం మార్చారో లేదు, ఇప్పుడు మాకు అదే పెద్ద ఇబ్బందిగా మారింది. మీరు మాత్రం షూలు, స్ప్రింగులు, వీల్ సిలిండర్లు, కేబుల్ ఒక్కొక్కటిగా రాయించుకోండి, విప్పినప్పుడు ఫోటోలు తీసుకోండి, తీసేసిన పాత భాగాలను అడిగి తెచ్చుకోండి. డీలర్ మాట దాటవేస్తే జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోన్ చేయవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు, దానికి గడువు రెండేళ్లు. మేము ముందుగా లిఖితపూర్వక నోటీసు పంపాం, మరమ్మతు ఖర్చు బిల్లులూ నీలం తిరిగిన డ్రమ్మూ భద్రంగా ఉంచాం.