జైపూర్ జంతర్ మంతర్: గైడుకి 600, దారానికి సున్నా

ముందే చెప్పేస్తున్నా. జైపూర్ వెళ్తే జంతర్ మంతర్, అంటే సూర్యుణ్ణీ గ్రహాల్నీ కొలవడానికి రాతితో కట్టిన పాతకాలపు వేధశాల, తప్పక చూడండి. గేటు దగ్గర మీద పడే గైడ్‌ని మాత్రం పెట్టుకోకండి. గైడుకి 600, ఆయన తీసుకెళ్లిన కొట్లో గోమేధికానికి 2,400, వెరసి మూడు వేలు వదిలించుకుని వచ్చినవాణ్ణి చెబుతున్నా.

వెళ్లింది అయిదుగురం. నేను, మా ఆవిడ, తొమ్మిదో తరగతి చదివే మా పాప, బావమరిది, మామగారు. మామగారు సర్వే శాఖలో ముప్పై రెండేళ్లు పనిచేసి రిటైరయ్యారు. పొలాలు కొలిచే గొలుసు, లంబకోణాలు చూసే క్రాస్ స్టాఫ్, కొలతలు రాసే టిప్పన్లు, ఇదే ఆయన లోకం. ఇప్పటికీ కొత్త ఇంట్లో అడుగుపెడితే ముందు గోడ తిన్నగా ఉందో లేదో ఒంటి కన్నుతో చూస్తారు. ఈ యాత్ర పెట్టుకుందే ఆయన కోసం. ఢిల్లీ, జైపూర్, వచ్చేటప్పుడు ఉజ్జయిని.

ఢిల్లీలో రెండు రోజులు బాగానే గడిచాయి. అక్కడి జంతర్ మంతర్‌లో గీతలు చాలావరకు అరిగిపోయాయి, చుట్టూ పెద్ద పెద్ద భవనాలు లేచాయి. ఎర్రగా అందంగా ఉంటుంది, ఫోటోలకి బాగుంటుంది, అంతే.

జైపూర్‌లో బస దగ్గరే మొదలైంది తలనొప్పి. నెట్‌లో ఫోటో చూసి ‘హవేలీ’ అని బుక్ చేశాం. గది ఒక్కింటికి 2,200, రెండు గదులు. ఫోటోలో కనిపించిన నెమలి బొమ్మల గోడ నిజంగానే ఉంది, కాకపోతే అది రిసెప్షన్‌లో. మాకిచ్చిన గదులు మూడో అంతస్తులో, లిఫ్ట్ లేదు. మామగారికి మోకాళ్ల నొప్పులు. కింది గది అడిగితే "ఫుల్" అన్నారు, రాత్రి పది దాటాక చూస్తే కింద రెండు గదులకు తాళాలు వేలాడుతున్నాయి. ఫిబ్రవరి చలిలో వేడినీళ్లు బకెట్‌కి 30 రూపాయలు. ఆ రాత్రి మామగారు భోజనానికి కూడా దిగలేదు. "నాకేం వద్దమ్మాయ్, మీరు వెళ్లండి" అని గోడవైపు తిరిగి పడుకున్నారు. మా ఆవిడ నా వైపు చూసిన చూపు ఉంది చూశారూ, అది బిల్లులో రాయలేదు గానీ అన్నిటికన్నా అదే ఖరీదు.

మర్నాడు ఫిబ్రవరి 12, పదకొండు దాటాక జంతర్ మంతర్‌కి చేరాం. ఆటో 120. దిగీ దిగగానే ఒకాయన పట్టుకున్నాడు. వెయ్యి అడిగి 600కి దిగాడు. లోపల ఆడియో గైడ్ దొరుకుతుందని అప్పటికి నాకు తెలియదు.

లోపలికెళ్తే మొదట కళ్లు నిలిచేది సామ్రాట్ యంత్రం మీదే. 27 మీటర్ల ఎత్తు, అంటే తొమ్మిదంతస్తుల మేడంత నీడగడియారం. ఆకాశంలోకి ఎక్కిపోతున్నట్టు ఏటవాలు గోడ. దాని అంచు సరిగ్గా ధ్రువం వైపు చూస్తుంది, ఊరి అక్షాంశం ఎంతో వంపూ అంతే, 27 డిగ్రీలు. రెండు పక్కలా వంపు తిరిగిన పాలరాతి రెక్కలు, వాటి మీద గీతలు. మధ్యాహ్నం లోపు నీడ పడమటి రెక్క మీద పడుతుంది, తర్వాత తూర్పు రెక్క మీదకు మారుతుంది. పాప నీడ అంచు మీదే కళ్లు పెట్టి చూస్తూ "నాన్నా, కదులుతోంది!" అని కేకేసింది. కదులుతుంది మరి. సెకనుకి సుమారు ఒక మిల్లీమీటరు, నిమిషానికి ఆరు సెంటీమీటర్ల పైన. గడియారంలో చిన్న ముల్లు కదలడం మనకు కనిపించదు, ఇక్కడ పొద్దు కదలడం కంటికి కనిపిస్తుంది.

గైడ్ ఛాతీ విరుచుకుని, "దో సెకండ్! రెండు సెకన్ల తేడా కూడా రాదు సార్, దునియాలో ఇలాంటిది లేదు" అన్నాడు. బావమరిది స్మార్ట్ వాచ్ చూసుకున్నాడు. 11:20. నీడ చూపిస్తున్నది 10:39 దగ్గర.

"రెండు సెకన్లు కాదు, నలభై ఒక్క నిమిషాలు తేడా ఉందే" అన్నాడు.

"మీది ఢిల్లీ టైము, ఇది జైపూర్ టైము" అన్నాడు గైడ్. సగం నిజమే, అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఢిల్లీకీ జైపూర్‌కీ అంత తేడా ఎలా వస్తుందని గుచ్చి అడిగేసరికి, పాతకాలంలో భూకంపం వచ్చి గోడ కాస్త వంగిందన్నాడు.

అప్పటిదాకా మూతి బిగించుకుని ఉన్న మామగారు మొదటిసారి నోరు విప్పారు. "అల్లుడుగారూ, ఈయన లీస్ట్ కౌంట్, అంటే స్కేలు మీద చదవగలిగే అతి చిన్న కొలత, దాని గురించి చెబుతున్నాడు. మనం అడిగేది తప్పు ఎంత అని. నా గొలుసు మీద లింకు దాకా చదవొచ్చు. అంతమాత్రాన పొలం లింకు దాకా కరెక్టుగా కొలిచినట్టేనా? గొలుసు సాగి ఉంటేనో?" ఇది హిందీలోకి మార్చడం బావమరిది వల్ల కాలేదు.

ఆ 41 నిమిషాల లెక్క ఇదీ. మన దేశపు టైము 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది, మన కాకినాడకి దగ్గరగా పోయే గీత అది. జైపూర్ దానికి ఆరున్నర డిగ్రీల పైచిలుకు పడమర. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున దాదాపు 27 నిమిషాలు పొద్దు అక్కడ వెనక. మిగిలిన 14 సూర్యుడి సొంత ఆలస్యం. భూమి కక్ష్య కచ్చితమైన వృత్తం కాదు, పైగా భూమి అక్షం ఒరిగి ఉంది. అందుకని సూర్యుడు ఏడాదంతా గడియారంతో పాటు నడవడు. ఫిబ్రవరి నడుమ 14 నిమిషాలు వెనకబడతాడు, నవంబరు మొదట్లో 16 నిమిషాలు ముందుంటాడు. అంటే నవంబరులో వెళ్తే ఇదే గోడ దగ్గర తేడా పది, పదకొండు నిమిషాలే. వంగిన గోడ నవంబరుకల్లా నిటారుగా లేస్తుందా మరి?

తర్వాత గైడ్ మమ్మల్ని తిన్నగా రాశి వలయ యంత్రాల దగ్గరికి లాక్కెళ్లాడు. పన్నెండు రాశులకి పన్నెండు చిన్న యంత్రాలు. ఏ రాశి మధ్యాహ్న రేఖ మీదికి, అంటే నడినెత్తి మీదుగా ఉత్తర దక్షిణాలుగా పోయే గీత మీదికొస్తే దాని యంత్రంతో గ్రహాల స్థానాన్ని క్రాంతివృత్తం (ఏడాదిలో సూర్యుడు ఆకాశంలో తిరిగే దారి) లెక్కలో నేరుగా చదువుకోవచ్చు. అందుకే ఒక్కోదాని వంపూ ఒక్కో రకం. ఎంత బుర్రపెట్టి కట్టారో! మన గైడ్ మాత్రం "మేడమ్ కా రాశీ?" అని అడిగి, ఆ రాశి ముందు నిలబెట్టి ఫోటో తీసి, "మీకు గోమేధికం పడుతుంది, ఇక్కడే మా తమ్ముడి కొట్టుంది, కొనక్కర్లేదు, ఊరికే చూడండి" అన్నాడు. జయప్రకాశ్ యంత్రానికి ఒక్క నిమిషం, తమ్ముడి కొట్టుకి నలభై నిమిషాలు. ఆవిడ కొంది. నేను అడ్డు చెప్పలేదు. లాడ్జి బుక్ చేసింది నేను కదా.

మధ్యాహ్నం దాల్ బాటీ చూర్మా, తాలీ 280. నేతిలో మునిగి వచ్చింది. మామగారు రెండు బాటీలు తిని, పెరుగన్నం లేదని గొణిగి, మూడోది అడిగారు. అప్పటికి కాస్త మెత్తబడ్డారు. సాయంత్రం బజార్లో ఒక రజాయి కొన్నాం, 1,350. దాన్ని సన్నటి నూలుదారంతో కట్టి ఇచ్చారు. రాత్రి చూద్దును కదా, మామగారు ఆ దారం ముడి ఓపిగ్గా విప్పి, వేలికి చుట్టుకుని, పర్సులో పెట్టుకుంటున్నారు.

"రేపు పొద్దున్నే ఆ రాళ్ల దగ్గరికి ఇంకోసారి పోదాం అల్లుడుగారూ. గైడ్ వద్దు."

మళ్లీ టికెట్లు కొని ముగ్గురం వెళ్లాం, ఆయన, పాప, నేను. తొమ్మిదిన్నరకి జనం పలచగా ఉన్నారు. పెద్ద యంత్రం జోలికి పోకుండా లఘు సామ్రాట్ దగ్గరికి తీసుకెళ్లారు. అదే నమూనా, చిన్నది, గీతకి 20 సెకన్లు. "నీడ అంచు ఎక్కడుందో చెప్పవే" అన్నారు పాపతో. అది ఒక గీత చూపించింది. నేనొకటి చెప్పాను. ఆయన ఇంకొకటి. ముగ్గురికీ దగ్గర దగ్గర నిమిషం తేడా.

అప్పుడు దగ్గరికి వంగి చూశాను. నీడకి అసలు అంచే లేదు! నలుపు మెల్లగా బూడిద రంగులోకి, అది ఇంకా మెల్లగా తెలుపులోకి జారిపోతోంది. "సూర్యుడు చుక్క కాదు కదా, పళ్లెం. అరడిగ్రీ పళ్లెం. అది గోడ చాటుకి పూర్తిగా పోవడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాలూ ఈ బూడిదే" అన్నారు మామగారు. యంత్రం ఎంత పెద్దగా కట్టినా ఈ మసక దానితో పాటే పెరుగుతుంది. పెద్ద సామ్రాట్ మీదైతే బెత్తెడుకి ఎక్కువ, జానెడుకి తక్కువ వెడల్పు. అంత మసకలో నిలబడి రెండు సెకన్లు చదువుతానంటున్నాడన్నమాట మన గైడ్.

పర్సులోంచి దారం తీశారు. ఒక కొస పాపకిచ్చి, ఇంకోటి తను పట్టుకుని, రాతికి వేలెడు వెడల్పు ఎత్తులో, నీడ అంచుకి సమాంతరంగా బిగించి పట్టారు. వెలుగువైపు ఉన్నంతసేపూ దారం నీడ పాలరాతి మీద గీత గీసినట్టు స్పష్టంగా ఉంది. మెల్లగా గోడ నీడవైపు జరిపారు. పలచబడింది, ఇంకా పలచబడింది, ఒకచోట మాయమైపోయింది. "అదీ! అక్కడ చదువు." చదివాను. ముగ్గురం వంతులవారీగా పట్టుకుని, వాచీ పక్కన పెట్టుకుని, మూడు మూడుసార్లు చేశాం. అన్నీ ఒక్క గీత లోపే, అంటే 20 సెకన్ల లోపే వచ్చాయి. నిమిషం తేడా కాస్తా మూడో వంతుకి దిగింది, ఎనిమిదణాల దారంతో. పెద్ద యంత్రం ఎందుకు కట్టారో అప్పుడు అర్థమైంది నాకు. మసక అలాగే ఉన్నా దారం మాయమయ్యే చోటు ఒకటే, అది కొలవడానికి పెద్ద స్కేలు కావాలి. దాని మీద ఓపికగా, ఎండ తీక్షణంగా ఉన్నరోజు చేస్తే కొన్ని సెకన్ల దాకా పోవచ్చు. ఆ రెండు సెకన్ల మాట అబద్ధమేమీ కాదు. దారం సంగతి చెప్పకుండా అది చెప్పడమే దగా.

ఈలోగా కాపలా మనిషి వచ్చాడు. తిడతాడనుకున్నా. కాసేపు చూసి, ఏమీ అనకుండా పక్కకెళ్లి నిలబడి, దారం ఎగరకుండా గాలికి అడ్డుగా నిలిచాడు. నిన్న ఎవరికైనా 600 ఇవ్వాల్సి ఉంటే ఆయనకివ్వాల్సింది.

ఈ జంతర్ మంతర్లు కట్టించిన జైపూర్ రాజు సవాయ్ జయసింహుడు మొదట మధ్య ఆసియాలోని సమర్‌ఖండ్ వేధశాల పద్ధతిలో ఇత్తడి యంత్రాలే చేయించాడట. అవి చిన్నవి, ఇరుసులు అరుగుతాయి, కేంద్రాలు జరుగుతాయి, కొలతలు నిలకడగా రావు. అందుకే రాయీ సున్నమూ పట్టాడు. 1734 నాటికి ఇక్కడ పెద్ద యంత్రాలు లేచాయి. ఇది చెబితే మామగారు గోడని అరచేత్తో తట్టి, "మా ఆఫీసులో కోణాలు కొలిచే థియోడొలైట్ ఇరుసు సంగతి ఈయనకి చెప్పి ఉంటే ఏడ్చేవాడు" అన్నారు.

పాపకి నచ్చింది జయప్రకాశ్. నేలలోకి తవ్విన రెండు పాలరాతి గిన్నెలు, ఆకాశాన్ని బోర్లించి కింద పెట్టినట్టు. పైన అడ్డంగా తీగలు, వాటి కూడలి దగ్గరి నీడ గిన్నెలో ఎక్కడ పడితే ఆకాశంలో సూర్యుడు అక్కడ. గిన్నెని పట్టీలుగా కోసి మధ్యలో మనిషి దిగి నడిచే దారి వదిలారు. ఒక గిన్నెలో దారి ఉన్నచోట రెండోదాంట్లో రాయి ఉంటుంది, నీడ దారిలో పడితే పక్క గిన్నెకి వెళ్లి చదువుకోవాలి. పొద్దున పూటే వెళ్లండి, కనీసం మూడు గంటలు పెట్టుకోండి. సామ్రాట్ పక్కనున్న షష్ఠాంశ యంత్రం చీకటి గదికి తాళం వేసి ఉంది. సన్నటి రంధ్రంలోంచి మధ్యాహ్నపు సూర్యబింబం లోపలి వంపు మీద పడుతుందట. అది చూడలేదన్న బాధ ఇంకా ఉంది.

ఉజ్జయినిలో బస, తిండి, దర్శనం అన్నీ సాఫీగా జరిగిపోయాయి. అక్కడి వేధశాల చిన్నది, జనం లేరు, 1923లో బాగుచేయించారు. సామ్రాట్ యంత్రం దగ్గర బోర్డు మీద ఏ రోజుల్లో ఎన్ని నిమిషాలు కలుపుకోవాలో పట్టిక రాసిపెట్టారు. గైడ్ అక్కర్లేదు. రేఖాంశం దాదాపు జైపూర్‌దే కాబట్టి అంకె కూడా దాదాపు అదే. బావమరిది వాచీ పెట్టి సరిచూసుకుని, మొదటిసారి ఆ యాత్రలో నవ్వాడు.

ఇంటికొచ్చిన వారానికి ఆవిడ ఉంగరం చేయించుకోడానికి గోమేధికం పట్టుకెళ్లింది. నగలాయన రాయిని ఒక చిన్న పెట్టె మీద పెట్టి, కన్ను ఆనించి చూశాడు. వక్రీభవన గుణకం, అంటే రాయిలోకి వెళ్లేటప్పుడు వెలుగు ఎంత వంగుతుందో, అది కొలిచే యంత్రమట. 1.52 వచ్చింది. గోమేధికానికి 1.74 దాకా రావాలి, ఇది గాజు అన్నాడు. ఆవిడ మొహం చూసే ధైర్యం నాకు లేకపోయింది. మామగారు మాత్రం కుర్చీ ముందుకి జరుపుకుని ఆ పెట్టెనే చూస్తున్నారు.

"దీని లీస్ట్ కౌంట్ ఎంతండీ?"