నడిచి వెతికే గోడౌనా, రోబో తెచ్చిచ్చే గోడౌనా?

అమెరికాలో డిగ్రీ లేకపోయినా దొరికే మొదటి ఉద్యోగాల్లో గోడౌన్ పికింగ్, అంటే ఆర్డరు వచ్చిన వస్తువులను అరల్లోంచి ఏరి తీసే పని, ఒకటి. పాత పద్ధతిలో బండి తోసుకుంటూ అరల మధ్య మైళ్ల కొద్దీ తిరగాలి, షిఫ్టు అయ్యేసరికి కాళ్లు పీకేస్తాయి, కానీ ఒక వస్తువుకీ ఇంకో వస్తువుకీ మధ్య ఆ నడకలోనే కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. 2012లో అమెజాన్ 77.5 కోట్ల డాలర్లకు కివా సిస్టమ్స్ అనే రోబోల కంపెనీని కొన్నాక, దాని గోడౌన్లలో రోబో అరనే ఎత్తుకుని మనిషి దగ్గరికి రావడం మొదలైంది. నడక తగ్గింది. నిలబడ్డ చోటే వంగి తియ్యడం, చెయ్యి చాపి పెట్టడం, గంటల తరబడి అదే పని, అదీ ఇంకా వేగంగా! భుజాలు పట్టేయవా మరి?

2025లో అమెజాన్ రోబోలు 10 లక్షలకు చేరాయి, కంపెనీ మొత్తం ఉద్యోగులు సుమారు 15 లక్షలు. రోబోలను రిపేరు చేసే పనికి జీతం బాగుంటుంది కానీ మెకాట్రానిక్స్ (యంత్రాలు, ఎలక్ట్రానిక్స్ కలిసిన విద్య) నేర్చుకోవాలి, పైగా పికర్లందరికీ సరిపడా ఆ పోస్టులు ఉండవు.

నా ఓటు రోబో గోడౌన్‌కే, కానీ ఆ శిక్షణ డ్యూటీ టైమ్‌లోనే, జీతంతో ఇస్తేనే. లేకపోతే ఇంటి బాధ్యతలున్నవాళ్లు ఎప్పుడు నేర్చుకుంటారు? చేరేముందు ఇది తప్పకుండా అడగండి.