పబ్లిక్ పాలసీ, మేనేజ్‌మెంట్ కలిపిన పీజీ: రెండేళ్లు చదివాక చెబుతున్నా

విజయవాడ, గుంటూరు మధ్య ఉన్న ఒక ప్రైవేట్ యూనివర్సిటీలో ఈ కోర్సు మొన్న మేలో పూర్తి చేశాను. మా జూనియర్లు ఇంకా అక్కడే చదువుతున్నారు కాబట్టి పేరు రాయడం లేదు. ఐసెట్ రాసి మామూలు ఎంబీఏలో చేరాలా, ఇందులో చేరాలా అని మా చెల్లి స్నేహితులు వరసగా ఫోన్లు చేస్తున్నారు, అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఇక్కడ రాస్తున్నా. చేరొచ్చు, కానీ పిల్లల్ని గేటు బయటికి తీసుకెళ్లే కోర్సు అయితేనే. నాలుగు గోడల మధ్య చెప్పేదైతే అంత ఫీజు కట్టొద్దు.

మా నాన్న గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తా. ఆ ఘాటు పీల్చుకుంటూ పెరిగినదాన్ని, అయినా రేటు ఎలా తేలుతుందో ఎప్పుడూ పట్టించుకోలేదు. రెండో సెమిస్టర్‌లో పాలసీ సార్ మమ్మల్ని పొద్దున్నే యార్డుకు తీసుకెళ్లారు. ఒక టిక్కీ (మిర్చి బస్తా) మూతి విప్పారు. వ్యాపారి లోపలి దాకా చెయ్యి పెట్టి గుప్పెడు కాయలు తీశాడు, ఒకటి విరిచి రంగు చూశాడు, అరచేతిలో నలిపి తేమ చూశాడు, తాలు (రంగు పోయిన నాసి కాయలు) ఎంత ఉందో ఒక చూపు చూసి రేటు చెప్పేశాడు. నిమిషం కూడా పట్టలేదు. రైతు పక్కన నిలబడి ఆ చేతి వంకే చూస్తున్నాడు. సార్ మమ్మల్ని పక్కకు పిలిచి, ‘ఇప్పుడు ఈ ఇద్దరిలో ఎవరికి ఏం తెలుసో, ఏం తెలియదో రాయండి’ అన్నారు. సమాచారం ఒకరి దగ్గరే ఎక్కువుంటే మార్కెట్ ఏమవుతుందన్న పాఠం నాకు అక్కడే ఎక్కింది, పుస్తకంలో అప్పటికి రెండుసార్లు చదివినా ఎక్కలేదు.

ఆ తర్వాత దాని మీద మూడు రోజులు క్లాసులో వాదించుకున్నాం. 2016లో ఈ-నామ్ (పంటల ఆన్‌లైన్ జాతీయ మార్కెట్) వచ్చాక ఏం మారింది, 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయినప్పుడు కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు నిర్ణయించింది కదా, మరి అప్పటికే తెగనమ్ముకున్న రైతు సంగతేంటి, కౌలుకు చేసేవాడి పేరు ఏ కాగితంలో ఉంటుంది అని. మేనేజ్‌మెంట్ మేడమ్ అదే సరుకును కోల్డ్ స్టోరేజీ వైపు నుంచి చూపించారు: అద్దె, అప్పు మీద వడ్డీ, నిల్వలో పోయే రంగు లెక్కేసుకుని ఎప్పుడు అమ్మితే గిట్టుతుందో ఎక్సెల్‌లో వేయించారు. ఆ రాత్రి నాన్నకు ఆ షీట్ చూపిస్తే హమాలీ ఖర్చు మర్చిపోయావమ్మా అన్నారు. నిజమే, మర్చిపోయాను.

ఇంకోటి, విజయవాడ పక్కన పారే బుడమేరు వాగు. మేం చేరిన కొత్తలోనే 2024 సెప్టెంబరు వరద వచ్చింది. క్లాసులు మళ్లీ మొదలయ్యాక సింగ్‌నగర్ నుంచి వచ్చే అమ్మాయి లేచి, మిద్దె మీద పాల ప్యాకెట్ కోసం ఎదురుచూసిన రోజుల గురించి చెప్పింది. ఎవరూ మాట్లాడలేదు కాసేపు. సార్ ఆ రోజు సిలబస్ పక్కన పెట్టి, బుడమేరుకు పడిన మూడు గండ్లు, ప్రకాశం బ్యారేజీకి వచ్చిన 11.43 లక్షల క్యూసెక్కులు, కాలువ ఏ శాఖది, డ్రైనేజీ ఎవరిది, పడవ పంపాల్సింది ఎవరు, అన్నీ బోర్డు మీద గీయించారు. పురపాలికలకు అప్పగించదగ్గవి అంటూ 74వ రాజ్యాంగ సవరణ 18 అంశాలు చెప్పిందని బట్టీ పట్టాం కదా, వాటిలో మన కార్పొరేషన్ చేతిలో నిజంగా ఎన్ని ఉన్నాయో ఆ బోర్డు చూశాకే అడగడం మొదలుపెట్టాం.

సమాచార హక్కు దరఖాస్తు ప్రతి ఒక్కరూ ఒకటి వెయ్యాలి, దానికి మార్కులుంటాయి. మా ఊరి పంచాయతీలో వేశాను, గ్రామ స్థాయిలో ఫీజు కూడా లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి, నాది రాలేదు, అప్పీలు రాయడం కూడా అలా నేర్చుకున్నా.

ఇక బాగోలేనివి. పాలసీ వాళ్లు, మేనేజ్‌మెంట్ వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోరు, మిర్చి విషయంలో కుదిరినట్టు మిగతా సబ్జెక్టుల్లో కుదరలేదు. మార్కెటింగ్ పాఠాల్లో అన్నీ విదేశీ కంపెనీల కథలే, బండ్ల షెడ్లు, చిన్న ఫ్యాక్టరీలు ఉండే ఆటోనగర్ ఇంత దగ్గరలో ఉండి ఒక్కసారి కూడా తీసుకెళ్లలేదంటే నాకు ఇప్పటికీ బాధే. స్టాటిస్టిక్స్ పరుగు పెట్టించారు, తెలుగు మీడియం నుంచి వచ్చిన వాళ్లు చాలా టెన్షన్ పడ్డారు, విడిగా ఒక గంట తెలుగులో చెప్పి ఉంటే సరిపోయేది. నా ఇంటర్న్‌షిప్ ఒక ఆఫీసులో ఇప్పించారు, మూడు వారాలు ఫైళ్లకు నంబర్లు వేశాను, అంతే. ప్లేస్‌మెంట్ సంగతి ఇంకా ముఖ్యం: చేరేటప్పుడు పాలసీ ఉద్యోగాలు అని చెప్పారు, క్యాంపస్‌కు వచ్చినవి ఎక్కువగా బ్యాంకు సేల్స్ ఉద్యోగాలు. పాలసీ పని కావాలనుకున్న వాళ్లం హైదరాబాద్, ఢిల్లీ సంస్థలకు సొంతంగా మెయిళ్లు పెట్టుకున్నాం. అబద్ధపు ఆశ పెట్టడం తప్పు, అప్పు చేసి ఫీజు కట్టే ఇళ్లవి ఇవి.

గ్రూప్స్ కోసం చేరదామనుకునే వాళ్లకు: మెయిన్స్‌లో పాలన, ఆర్థిక వ్యవస్థ ప్రశ్నలకు బాగా పనికొస్తుంది, కానీ అసైన్‌మెంట్ల మధ్య ప్రిపరేషన్‌కు టైమ్ దొరకదు. మా బ్యాచ్‌లో రెండూ చేద్దామని చూసిన వాళ్లు రెండో ఏడాదికి ఒకటి వదిలేశారు.

హాస్టల్ పర్లేదు. గుంటూరు నుంచైతే రోజూ బస్సులో తిరగొచ్చు.

చేరే ముందు అడ్మిషన్ ఆఫీసులో కూర్చోకుండా క్యాంటీన్‌కు వెళ్లి రెండో ఏడాది పిల్లల్ని పట్టుకోండి. పోయిన సెమిస్టర్‌లో బయటికి ఎన్ని రోజులు తీసుకెళ్లారు, ఎక్కడికి తీసుకెళ్లారు, తీసుకెళ్లిన సార్ ఇంకా అక్కడే ఉన్నారా, ఈ మూడూ అడగండి.