ఇంటి పనిగదికి ఏ చెక్క గుర్రం మేలు?

పలకను కోసేటప్పుడు, చిత్రిక పట్టేటప్పుడు, రంగు వేసేటప్పుడు దాని కింద నిలిచే నాలుగు కాళ్ల ఆధారమే సాహార్స్, మన మాటలో చెక్క గుర్రం. ఒంటిగా పెద్దగా ఉపయోగపడదు, జతగా చేసుకోవాలి. నేను మొదట చేసిన జతకు మందమైన కర్ర వాడాను, ఒక్కో కాలికి నాలుగేసి స్క్రూలు బిగించాను. ఒక పాత తలుపును ఎక్కించి చిత్రిక పడుతుండగా ఒక కాలు ఒరిగిపోయింది. విప్పి చూస్తే కర్ర చెక్కుచెదరలేదు, స్క్రూలు మాత్రం మెడ దగ్గర తెగాయి. కాళ్లను దూలం పక్కన ఊరికే ఆనించి బిగించడంతో బరువంతా ఆ స్క్రూల మీదే వేలాడింది. అప్పటి నుంచి ఏ నమూనా చూసినా ముందుగా వెతికేది ఒకటే: బరువు చెక్క నుంచి చెక్కకు దిగి నేలకు చేరుతోందా, మధ్యలో ఇనుము మోస్తోందా? స్క్రూ కర్రను కదలకుండా పట్టి ఉంచితే చాలు, బరువు దాని మీద పడకూడదు.

ఈ పరీక్షలో సులువుగా నెగ్గేది 'ఐ' ఆకారపు దూలం ఉన్న గుర్రం. ఒక కర్రను పడుకోబెట్టి, దాని నడిమధ్య రెండోదాన్ని అంచు మీద నిలబెట్టి, పైన మూడోదాన్ని మళ్లీ పడుకోబెడతారు. చివర నుంచి చూస్తే ఇంగ్లిషు 'ఐ' అక్షరంలా ఉంటుంది. కర్రలు 38 మిల్లీమీటర్ల మందం, 89 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్నాయనుకుందాం. కాలి తల లోపలి నిలువు కర్రను తాకుతుంది, కాస్త కిందికి వచ్చేసరికి అడుగు కర్ర అంచు దాన్ని బయటికి తోస్తుంది. ఆ వాలు దానంతట అదే 15, 16 డిగ్రీల దగ్గర కుదురుకుంటుంది. కాలి రెండు చివరలను ఒకదానికొకటి సమాంతరంగా 15 డిగ్రీల వాలుతో కోయడం వస్తే మిగతా కొలతలన్నీ కర్రే చూసుకుంటుంది. కాలి మందంలో దాదాపు మూడింట రెండు వంతులు పై కర్ర అడుగున ఆనుతుంది కాబట్టి బరువు నేరుగా కాలిలోకి దిగుతుంది. ఈ ఆనిక దగ్గర ఖాళీ కనిపిస్తే స్క్రూతో లాగి సరిపెట్టకండి, మళ్లీ కోయండి. ఆ ఒక్క కోతలోనే దీని బలమంతా ఉంది.

దీనికి ఒక లోపం ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. పక్క నుంచి చూస్తే కాళ్లు నిట్టనిలువుగా ఉంటాయి. ఒక్కో చివర రెండు కాళ్లను కలుపుతూ 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్కను జిగురుతో, స్క్రూలతో బిగిస్తే కాళ్లు విచ్చుకోవు. అయితే దూలం పొడవునా తోసే బలానికి ఆ ముక్క అడ్డు నిలవదు. చిత్రిక పట్టడం అంటే పదేపదే అలా తోయడమే. నేల నుంచి జానెడు ఎత్తున ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ పొడవాటి అడ్డకర్రలు వేస్తే ఊగడం బాగా తగ్గుతుంది. వాటి మీద పలక పరిస్తే పనిముట్లు పెట్టుకునే అరగా కూడా ఉపయోగపడుతుంది. కాకపోతే ఆ తర్వాత ఒక గుర్రం మీద ఇంకొకటి పేర్చడం కుదరదు.

కాళ్లు పక్కలకూ, పొడవు వైపుకూ కూడా వాలి ఉండే పాత పద్ధతి గుర్రానికి ఈ బలహీనత లేదు. ఎటు తోసినా ఎదురు నిలిచే కాలు ఒకటి ఉంటుంది. దూలం పక్కల 12 నుంచి 15 మిల్లీమీటర్ల లోతు గాడి తొలిచి, కాలి తలకు భుజం, అంటే మెట్టులాంటి అంచు, కోసి అందులో కూర్చోబెడతారు. బరువు ఆ భుజం మీద నిలుస్తుంది. బాగా చేసినది తరాలు నిలుస్తుంది, చూడడానికీ ముచ్చటగా ఉంటుంది. కష్టమంతా రెండు వాలులు కలిసే కోతలో ఉంది. ఒక గాడి రవ్వంత వదులైతే ఆ కాలు ఊగుతుంది, ఆ ఊపు మిగతా మూడింటినీ వదులు చేస్తుంది. మొదటి కాలిని పనికిరాని కర్రతో చేసి, అది సరిగ్గా కుదిరాక దాన్నే అచ్చుగా పెట్టుకుని మిగతావి గీసుకోవాలి.

ప్లైవుడ్ పలకలకు గాడులు కోసి ఒకదానిలో ఒకటి దూర్చే గుర్రం వీటికి పూర్తిగా భిన్నం. పని అయ్యాక విడదీసి గోడకు ఆనిస్తే నాలుగు వేళ్ల మందం జాగా చాలు. పనిగది అంటూ విడిగా లేనివారికి ఇంతకన్నా మంచి దారి నాకు తెలియదు. 18 మిల్లీమీటర్లని అమ్మే ప్లైవుడ్ కొలిస్తే తరచూ కాస్త తక్కువే ఉంటుంది. గాడిని పేరులోని కొలతకు కాకుండా చేతిలోని పలకకు సరిపెట్టాలి. విప్పి కూర్చే కొద్దీ గాడుల అంచులు అరిగి వదులవుతాయి కాబట్టి రంపం కోతకూ, రంగు పనికీ సరే, సుత్తి దెబ్బలకూ చిత్రికకూ వద్దు.

బందులతో మడిచే రకం నేను చేయను. బరువు మళ్లీ ఇనుము మీదికే వెళుతుంది.

ఏ రకమో తేల్చుకునే ముందు ఎత్తు తేల్చుకోవాలి, ఎందుకంటే పొరపాటు జరిగేది ఎక్కువగా ఇక్కడే. చేతి రంపంతో కోసేవారికి మోకాలి చిప్పకు కాస్త దిగువన, 45 నుంచి 50 సెంటీమీటర్ల ఎత్తు కావాలి. పలకను మోకాలితో అదిమి, ఒంటి బరువుతో రంపం నడపాలంటే అంతకు మించకూడదు. విద్యుత్ రంపంతో నిలబడి కోయడానికీ, పైన పలక పరిచి బల్లగా వాడుకోవడానికీ 70 నుంచి 80 సెంటీమీటర్లు హాయిగా ఉంటుంది. ఒకే ఎత్తుతో రెండు పనులూ చేయాలనుకుంటే నడుము నొప్పి తప్పదు.

అందుకే నా తీర్పు ఇది. ఒక్క జతే చేసుకునేవారికి, విద్యుత్ రంపం వాడేవారికి ఐ దూలపు గుర్రం, అడ్డకర్రలతో సహా. చేతి రంపమే ప్రధానమైతే పాత పద్ధతిలో పొట్టి జత, అది మొదటి ప్రయత్నంలో సరిగా రాకపోయినా మళ్లీ చేయడానికి తగిన పనే. రెండింటికీ మామూలు పైన్ వంటి మెత్తని కర్ర సరిపోతుంది. గట్టి కర్రతో చేస్తే ఎత్తి జరపడమే భారమవుతుంది, రంపం పళ్లు తగిలితే మొద్దుబారతాయి. పై కర్ర మీద ఒక చవక చెక్కను కింది నుంచి స్క్రూలతో బిగించి, కోతలు పడి పాడయ్యాక మార్చుకుంటూ ఉండండి.

పూర్తయిన గుర్రం ఊగితే కంగారుపడి ఏదో ఒక కాలు కోయకండి. చదునైన నేల మీద నిలబెట్టి, పొట్టి కాలి కింద సన్నని చెక్కలు దోపి దూలం మట్టానికి వచ్చేలా చేయండి. ఒక చిన్న దిమ్మె మీద పెన్సిలును పడుకోబెట్టి, దిమ్మెను నేల మీద జరుపుతూ నాలుగు కాళ్ల చుట్టూ ఒకే ఎత్తులో గీత గీయండి. ఆ గీత దగ్గర కోస్తే నాలుగు పాదాలూ ఒకేసారి నేలకు ఆనతాయి.