హన్మకొండ గేమ్ పార్లర్‌లో దారం కట్టిన నోట్‌బుక్

రాత్రి తొమ్మిదిన్నరకు మందుల షాపు షట్టర్ దించి, వారానికి రెండు రోజులు ఇంటికి కాకుండా నేను వెళ్లే చోటు ఒకటుంది. హన్మకొండ చౌరస్తా నుంచి నడిచి పోయేంత దూరం. కింద జిరాక్స్ సెంటరు, పక్కన ఇరుకు మెట్లు, పైన గేమ్ పార్లర్. పేరు రాయట్లేదు. ఓనర్ కుర్రాడే వద్దన్నాడు, ఆదివారాలు ఇప్పటికే కుర్చీలు చాలట్లేదట.

ఆరు టీవీలు. నాలుగింటికి పీఎస్5 (సోనీ వాళ్ల ప్లేస్టేషన్, టీవీకి తగిలించే ఆటల కన్సోల్), రెండింటికి పాత పీఎస్4. ఒక పీఎస్5కి స్టీరింగు, పెడళ్లు కూడా ఉన్నాయి. మూలన ఒక పాత కంప్యూటరు. గంటకు ఒక్కరైతే 80, ఇద్దరు కలిసి ఆడితే 120. ఏసీ ఉంది గానీ పదిమంది చేరితే ఉన్నట్టు తెలియదు. బాత్రూమ్‌కి కిందికి దిగి పక్క సందులోకి వెళ్లాలి. టీ దొరకదు. చిప్స్ కొంటే ప్యాకెట్‌తో పాటు తడి గుడ్డ చేతికిస్తాడు, వేళ్లు తుడుచుకున్నాకే కంట్రోలర్ ముట్టుకోవాలి. బండి పెట్టుకోవడం మాత్రం నరకం.

ఇలాంటివి మా ఊళ్లో ఇంకో నాలుగున్నాయి, ఒకటి రెండు ఇంతకంటే నీటుగా ఉంటాయి కూడా. నేను ఇక్కడికే ఎందుకు వస్తానంటే, ఇక్కడ ప్రతి టీవీ స్టాండుకి దారంతో ఒక నోట్‌బుక్ కట్టి ఉంటుంది. కిరాణా కొట్లో ఖాతాపుస్తకంలా నల్ల అట్టది. అందులో గీతలు కొట్టి గళ్లు: ఏ ఆట, ఏ వెర్షన్ నంబరు, ఎప్పుడు అప్‌డేట్ చేసిండు, ఏం మారింది, ఏం చెడిపోయింది, చెడిపోతే ఏం చేయాలి. మూడో టీవీ పుస్తకంలో ఒక పేజీ ఇది, ఉన్నదున్నట్టు రాస్తున్నా: "కొత్త అప్‌డేట్ ఎక్కించిన. గోల్‌కీపర్లు ముందుకంటే మంచిగ ఆపుతున్నరు. దూరం నుంచి కొట్టుడు తగ్గించుకోండ్రి. రెండో కంట్రోలర్ ఎడమ స్టిక్ జర గుంజుతది, అడిగితే వేరేది ఇస్త."

నవ్వొస్తుంది గానీ, ఒక్కసారి ఆలోచించండి. ఏటా వేలు పెట్టి కొనే ఏ ఆట పెట్టె మీదైనా ఇంత సమాచారం ఉంటుందా?

నాది మందుల వ్యాపారం కాబట్టి నాకు ఇది ఇంకో రకంగా తగులుతుంది. నా షాపుకి నెలనెలా వచ్చే వాళ్లలో సగం మంది బీపీ, షుగరు వాళ్లు. కొత్త మందు కావాలని వాళ్లెవరూ అడగరు. పోయిన నెల ఇచ్చిందే కావాలి. కంపెనీ వాడు పట్టీ రంగు మారిస్తే చాలు, పెద్దాయనలు కళ్లద్దాలు సర్దుకుని "ఇది అదేనా బాబూ?" అని రెండుసార్లు అడుగుతారు. అప్పుడు నేను పాతది, కొత్తది పక్కపక్కన పెట్టి, పేరు, మోతాదు, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ తేదీ చూపించాలి. అప్పటిదాకా డబ్బులు బయటికి రావు. వాళ్లను చాదస్తం అనుకునేవాణ్ణి. ఆటల విషయంలో నేనూ అంతే అని ఈ పార్లర్‌కి వచ్చాకే అర్థమైంది.

నా కథ చెప్తాను. ఏటా కొత్తది వచ్చే స్పోర్ట్స్ ఆటల్లో ఒకటి, ఏదన్నది అనవసరం, ఇంట్లో కొనుక్కుని కెరీర్ మోడ్ ఆడుతున్నా. కింది డివిజన్ జట్టుని పట్టుకుని మూడు సీజన్లు లాక్కొచ్చా. రాత్రిపూట, ఇంట్లో అందరూ పడుకున్నాక, సౌండ్ తీసేసి. ఒకరోజు పొద్దున చూస్తే అప్‌డేట్ దానంతటదే ఎక్కింది. ఆ రాత్రి సేవ్ (అప్పటిదాకా ఆడింది దాచుకున్న ఫైలు) తెరవబోతే లోడింగ్ గుర్తు తిరుగుతూనే ఉంది, తర్వాత ఆట మూసుకుపోయింది. కంపెనీ సపోర్టు చాట్‌లో రాస్తే కాషే (తాత్కాలిక ఫైళ్లు) క్లియర్ చేయమన్నారు, తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయమన్నారు. చేశా. పోయింది పోయినట్టే ఉంది. నాకు కోపం వచ్చింది సేవ్ పోయినందుకు కాదు. ఇది తెలిసిన సమస్యా, నాకొక్కడికేనా, సరిచేస్తారా, చేయరా అన్న నాలుగు ముక్కలు ఎవరూ చెప్పలేదు. తెలిస్తే కొత్త కెరీర్ మొదలుపెట్టుకునేవాణ్ణి కదా. పదిహేను రోజులు ఎదురుచూసి, ఆ తర్వాత ఆట మానేశా. రెండేళ్లు ముట్టుకోలేదు.

మా అబ్బాయి పుట్టినరోజుకి వాడి స్నేహితుల్ని తీసుకుని ఈ పార్లర్ మెట్లెక్కితే మళ్లీ అంటుకుంది.

మొదటిరోజే కుర్రాణ్ణి అడిగా, "కొత్తది వచ్చి మూడు వారాలైంది కదా తమ్మీ, ఇంకా పాతదే పెట్టినవేంది?" అని. "డిస్కు తెచ్చిన అన్నా, డబ్బాలనే ఉంది. రెండో అప్‌డేట్ రానియ్యి. ఇప్పుడే పెడితే పోరగాండ్లు గంటకు నాలుగుసార్లు నన్ను పిలుస్తరు, ఆడిన పైసలు వాపస్ అడుగుతరు" అన్నాడు. తర్వాత తనే విడమర్చి చెప్పాడు. డిస్కులో ఉండేది ఫ్యాక్టరీలో అచ్చేసిన రోజు నాటి ఆట. విడుదల రోజే దాని మీద ఒక పెద్ద అప్‌డేట్ పడుతుంది. ఆటగాళ్ల బదిలీలు, రేటింగుల మార్పులు వేరే ఫైలుగా వస్తాయి, వాటితో పెద్ద భయం లేదు. ఆట నడిచే తీరునే మార్చే అప్‌డేట్లు వేరు. నిన్న పడ్డ గోలు ఈరోజు పడదు. కొన్ని దిద్దుబాట్లు కొత్తగా మొదలుపెట్టిన కెరీర్‌కే పనిచేస్తాయి, పాత సేవ్‌లో తప్పు అలాగే మిగిలిపోతుంది. ఆన్‌లైన్ ఆడాలంటే చివరి వెర్షన్ ఉండాల్సిందే, టీవీ ముందు ఇద్దరు కూర్చుని ఆడుకోవడానికి అక్కర్లేదు. అందుకే ఒక పీఎస్5 మాత్రం నెట్‌కి కలిపి, ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేసి ఉంచుతాడు. మిగతా వాటికి ఆటోమేటిక్ అప్‌డేట్ ఆపేసి పెట్టాడు. డిగ్రీ మధ్యలో ఆపేసిన పిల్లాడు ఇంత చక్కగా చెప్పింది ఏ కంపెనీ అయినా పెట్టె వెనక నాలుగు వాక్యాల్లో ఎందుకు అచ్చేయదో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

అతని జాగ్రత్త ఉత్త భయం కాదు. డబ్ల్యూడబ్ల్యూఈ 2కే20 అనే రెజ్లింగ్ ఆట గుర్తుందా? 2019 అక్టోబరులో వచ్చింది. అంతకుముందు ఏళ్ల తరబడి ఆ ఆటలు చేసిన జపాన్ వాళ్లు తప్పుకున్నాక వచ్చిన మొదటిది. రింగు తాళ్లలో మనుషులు ఇరుక్కుపోవడం, మొహాలు సాగిపోవడం వీడియోల్లో లోకమంతా చూసి నవ్వింది. దానికి పైన 2020 జనవరి 1న ఆట తెరుచుకోవడమే మానేసింది. కన్సోల్‌లో తేదీని వెనక్కి, 2019కి, మారిస్తే మళ్లీ తెరుచుకునేది! పేరులో 20 పెట్టుకున్న ఆట 2020లోకి అడుగుపెట్టలేకపోయింది. ఆ తర్వాత కంపెనీ ఒక ఏడాది ఆట మానుకుని, 2022 మార్చిలో ఆ వరసలో తర్వాతిది తెచ్చింది. ఆ ఏడాది ఎవరికీ కొంప మునగలేదు.

ఇక రెండు పీఎస్4ల సంగతి. వాటిలో పీఈఎస్ 2021 అనే ఫుట్‌బాల్ ఆట తప్ప ఇంకోటి లేదు, నెట్ కూడా లేదు. దాన్ని చేసిన కొనామీ వాళ్లు ఆ ఏడాది పేరులోనే "సీజన్ అప్‌డేట్" అని పెట్టి, ధర తగ్గించి అమ్మారు. పోయినేటి ఆటే, జట్లు మార్చాం, మా మనుషులు తర్వాతి దాని మీద పనిచేస్తున్నారు అని ముందే చెప్పారు. ఆ నిజాయితీకి దండం పెట్టాలి. తర్వాతిదేమో 2021 సెప్టెంబరు 30న ఈఫుట్‌బాల్ పేరుతో ఉచితంగా వచ్చి, ఎంత తిట్లు తిందంటే కంపెనీ క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. వాళ్లు 1.0 అని పిలుచుకున్న వెర్షన్ వచ్చేసరికి 2022 ఏప్రిల్ అయింది. అంటే విడుదల చేసింది దేన్ని? మా కుర్రాడు ఆ గొడవ తర్వాతే పీఎస్4ల నెట్ వైరు పీకేశాడట. ఆ రెండు టీవీల ముందు ఎక్కువగా ముప్పై దాటినవాళ్లే కూర్చుంటారు. నా కొత్త కెరీర్ కూడా అక్కడే సాగుతోంది. పీఎస్4లో సేవ్‌ని పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోవచ్చు. నాది తాళంచెవుల గుత్తికే వేలాడుతుంది. అది ఆ పార్లర్ అకౌంట్‌లోనే తెరుచుకుంటుంది, అయినా నా ప్యాంటు జేబులో ఒక కాపీ ఉందన్న ధీమా వేరు. పీఎస్5 ఆటల సేవ్‌లని అలా పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోనివ్వరు, డబ్బు కట్టి క్లౌడ్‌లో దాచుకోవాలి. దీన్ని ముందడుగు అంటారు మరి.

మూలనున్న కంప్యూటర్లో ఈఏ క్రికెట్ 07. 2006 నవంబరులో వచ్చిన ఆట. ఆ తర్వాత ఆ కంపెనీ కంప్యూటరుకి, కన్సోళ్లకి ఇంకో క్రికెట్ ఆట తేలేదు. ఐపీఎల్ మొదలైందే 2008లో, కాబట్టి అందులో కనిపించే ఐపీఎల్ జట్లు, జెర్సీలు, కొత్త ఆటగాళ్ల మొహాలు అన్నీ అభిమానులు తయారుచేసి ఎక్కించుకున్నవే. ఏ బంతికి ఏ షాట్ కొడితే కచ్చితంగా ఫోర్ పోతుందో గదిలో ప్రతివాడికీ తెలుసు. తప్పులన్నీ తెలిసిపోయిన ఆట అంత హాయి ఇంకోటి లేదు. దాని నోట్‌బుక్‌లో ఏడాదికి ఒక్క పేజీ కూడా నిండదు.

కంపెనీలన్నిటినీ ఒకే గాటన కట్టను. స్టీరింగు ఉన్న టీవీలో ఎఫ్1 25 అనే కార్ల రేసు ఆట ఉంది. 2026కి కొత్త ఆట తేకుండా, కార్లు, రూల్సు మారుతున్నాయి కాబట్టి ఉన్నదానికే కొత్త సీజన్‌ని డబ్బులకు జోడిస్తామని, పూర్తి కొత్త ఆట 2027లోనే అని ముందుగానే ప్రకటించారు. ఆ మాట విన్నరోజు కుర్రాడి మొహం చూడాలి, ఒక డిస్కు ఖర్చు తప్పింది. ఎఫ్‌సీ 26 అనే ఫుట్‌బాల్ ఆటలో ఆన్‌లైన్ పోటీలకు ఒక తీరు, ఒంటరిగా కెరీర్ ఆడేవాళ్లకు ఇంకో తీరు అని ఆటని రెండుగా విడదీశారు. ఎప్పుడో చేయాల్సిన పని. నింటెండో వాళ్ల స్విచ్ కన్సోల్‌కి వచ్చిన ఫిఫా ఆటల మీదైతే కొన్నేళ్లపాటు "లెగసీ ఎడిషన్" అని అచ్చేసే అమ్మారు, అంటే జెర్సీలు, జట్లు తప్ప ఏమీ మారలేదని. అందరూ వెక్కిరించారు గానీ, పట్టీ మీద ఉన్నదే లోపల ఉంది కదా అని నాకు అనిపించింది.

మధ్యాహ్నం బేరాల్లేనప్పుడు షాపు కంప్యూటర్లో జట్టుని మేనేజరులా నడిపే ఫుట్‌బాల్ మేనేజర్ 24 ఆడతాను (మా ఆవిడ ఇది చదవదని నమ్మకం). దాని తర్వాతిది, 25, రెండుసార్లు వాయిదా పడి, 2025 ఫిబ్రవరిలో పూర్తిగా రద్దయింది. కొత్త ఇంజన్‌కి (ఆటని నడిపించే సాఫ్ట్‌వేర్) మారుతున్నాం, అనుకున్న స్థాయికి రాలేదు, ముందే కట్టినవాళ్లకు డబ్బు తిరిగిస్తాం అన్నారు. పాతదానికి కొత్త సీజన్ జట్లు కూడా ఇవ్వలేమని చెప్పేశారు. చేదుగానే ఉంది. కానీ నాకు కావలసిన నాలుగు ముక్కలూ ఆ ప్రకటనలో ఉన్నాయి, ఆ రోజే స్థిమితంగా పాతదాంట్లో ఇంకో కెరీర్ మొదలుపెట్టా.

పార్లర్‌లో లోపాలు లేవా అంటే ఉన్నాయి. కుర్రాడి ఆలస్యం ఒక్కోసారి మరీ ఎక్కువ. ఇంటర్ పిల్లలు కొత్త ఆట కోసం వచ్చి, నెట్ టీవీ ఖాళీ లేక గంటసేపు నిలబడి వెళ్లిపోతారు. డల్లాస్‌లో ఉన్న మా బావమరిదితో ఆడాలంటే నాకూ ఆ ఒక్క టీవీయే దిక్కు. ఆడినా, మధ్యలో ఇన్ని సముద్రాలు, నేను బటన్ నొక్కాక ఆటగాడు ఆలోచించుకుని తంతాడు. నోట్‌బుక్‌లో రాసిందంతా నిజం కాదు కూడా. ఒకసారి "హెడర్లు పనిచేస్తలేవు" అని రాసి ఉంటే వారం రోజులు తలతో కొట్టేందుకు పక్క నుంచి వేసే క్రాస్‌లు కొట్టకుండా ఆడాం. తీరా చూస్తే ఆ కంట్రోలర్ బటనే అరిగిపోయింది. కానీ దాన్ని చించేయలేదు. గీత కొట్టి, పక్కన "నాదే తప్పు, బటన్ మార్చిన" అని రాసి తేదీ వేశాడు.

ఇక్కడికి వచ్చేవాళ్లకు ఒక్క సలహా: మంగళ, గురువారాలు రాత్రి తొమ్మిదిన్నర తర్వాత రండి, కుర్చీ దొరుకుతుంది. బండి చౌరస్తా దగ్గరే పెట్టి నడవండి. ఐదో నంబరు పీఎస్4లో మాత్రం పదకొండు దాకా నేనుంటాను. దాని నోట్‌బుక్‌లో చివరి ఎంట్రీ నాది, నీలం ఇంకుతో: "మ్యాచ్ మధ్యలో పాజ్ నొక్కితే టీవీ సౌండ్ పోతోంది. కేబుల్ వదులు. ఇంటి నుంచి ఇంకోటి తెస్తా." ఇంకా తీసుకెళ్లలేదు.